తాళంచెవి చేతులు మారింది

ఇరవై రెండేళ్లుగా మా తెలుగు క్రైస్తవ సంఘం ఒక అమెరికన్ చర్చి భవనంలో ఆదివారం మధ్యాహ్నాలు కూడుకుంటోంది. ఉదయం వాళ్ల ఆరాధన, భోజనాల వేళ దాటాక మాది. అక్కడి వెనక గదిలో మా అల్మరా ఉంది. హార్మోనియం, కీర్తనల పుస్తకాలు, రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారపు గిన్నెలు అన్నీ అందులోనే. దాని తాళంచెవి మొదటి నుంచీ నా దగ్గరే ఉండేది. గత ఈస్టర్ తర్వాత దాన్ని ఇక్కడే పుట్టి పెరిగిన ఒక అమ్మాయి చేతిలో పెట్టాను. పెట్టడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది.

యౌవనస్థులు అడిగింది పెద్ద కోరిక కాదు. నెలలో రెండు ఆదివారాలు ప్రసంగం ఇంగ్లీషులో ఉండాలి, కమిటీలో తమకూ చోటుండాలి. ‘మేం పోయాక మీ ఇష్టం’ అన్నారు పెద్దలు. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ మాటకు ఇప్పటికీ బాధపడుతున్నాను. మనం పోయేదాకా ఆ పిల్లలు ఆగుతారా? చాలా కుటుంబాల పిల్లలు అప్పటికే వేరే చర్చిలు చూసుకున్నారు.

ఆ రోజుల్లో నాకు తరచూ గుర్తొచ్చినవారు దోర్నకల్ బిషప్ అజరయ్య గారు. తమిళ నేలలో పుట్టి, దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ సంఘానికి, అంటే ఇంగ్లండు చర్చి సంప్రదాయపు సంఘానికి, తొలి భారతీయ బిషప్ అయ్యారు. వేర్వేరు క్రైస్తవ శాఖల సంఘాలన్నీ ఒకటి కావాలని 1919లో తరంగంబాడిలో మొదలైన చర్చల్లో ఆయన ముందున్నారు. చిక్కుముడి పడింది బిషప్పుల దగ్గరే. ఆ పదవి లేని సంఘాలు దాన్ని ఒప్పుకోవాలి. బిషప్ చేతుల మీదుగా అభిషేకం పొందని పాస్టర్లను ఆంగ్లికన్లు మళ్లీ అభిషేకం లేకుండానే తమవారిగా స్వీకరించాలి. ఇరువైపులా ప్రాణప్రదమైనదాన్నే వదులుకోవాలి. అందుకు 28 ఏళ్లు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) ఏర్పడింది. అజరయ్య గారు 1945 జనవరి 1నే కన్నుమూశారు. తన కళ్లతో చూడలేనిదాని కోసం అంతకాలం పాటుపడ్డారు.

అప్పుడు నంద్యాల ప్రాంతంలో చాలామంది ఆంగ్లికన్లు ఆ కలయికలో చేరలేదు. ఏళ్ల తరబడి విడిగానే ఉండి, తర్వాత కలిశారు. ఆ నంద్యాల అధ్యక్ష మండలానికే (ఒక బిషప్ కింద ఉండే ప్రాంతానికి) 2013లో పుష్పలలిత గారు బిషప్ అయ్యారు, దక్షిణ ఇండియా సంఘంలో మొట్టమొదటి మహిళా బిషప్. ఇది తలచుకున్నప్పుడల్లా నా మనసు నిండిపోతుంది.

అన్నీ వదిలేయమని నేను చెప్పడం లేదు. కీర్తనలు పోకూడదు. సండే స్కూలులో తెలుగు అక్షరాలు నేర్పాలి, అది మన పూచీ. కానీ కుర్చీ, మైకు, లెక్కల పుస్తకం, తాళంచెవి మన ఆస్తి కావు. కమిటీలో ఎవరైనా రెండేళ్లకు మించి ఉండకూడదని నియమం పెట్టుకోవాలి. దిగిపోయినవాళ్లు వెనక వరుసలో కూర్చుని, అడిగితేనే సలహా చెప్పాలి. ఇది నాకు కష్టంగానే ఉంది. ఇంగ్లీషు ప్రసంగంలో సగం నాకు అందదు. అయినా వెళ్తున్నాను, వెళ్తాను.

మొన్న చలికాలంలో మా సంఘంలో ఒక పెద్దావిడ ప్రభువులో నిద్రించారు. భూస్థాపన రోజు మంచు పడుతోంది. ఎవరూ చెప్పకుండానే ఆ అమ్మాయి అల్మరా తెరిచి హార్మోనియం తెచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు కీర్తన ఆమె ఫోనులో ఉంది. చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే ఊదుకుంటూ, ‘తాతగారూ, పాట మీరు ఎత్తుకుంటారా?’ అని అడిగింది. నువ్వే ఎత్తుకో అమ్మా అన్నాను. ‘ళ’ పలకాల్సిన చోటల్లా ‘ల’ అనే పలికింది. సమాధి చుట్టూ నిలబడ్డవాళ్లమంతా ఆమె వెనకే పాడాం.