కాటా సర్వర్‌లో దిక్కులేని అకౌంట్

మార్చి మధ్యలో ఆడిట్, జూన్ మధ్యలో మామిడి. ఈ రెంటికీ నడుమ సరిగ్గా 90 రోజులున్నాయని చిత్తూరు పక్కనున్న ఒక పల్ప్ ఫ్యాక్టరీలో ఎవరూ లెక్కపెట్టలేదు. వాళ్ల సర్వర్ చూసుకునే నేనూ లెక్కపెట్టలేదు.

తోతాపురి సీజన్‌లో ఆ రోడ్ల మీద తిరిగినవాళ్లకు ఆ దృశ్యం తెలుసు. గేటు దగ్గర మొదలైన ట్రాక్టర్ల వరుస ఎక్కడో ఊరవతల ముగుస్తుంది. రైతులు రాత్రిళ్లు ట్రాక్టర్ కిందే దుప్పటి పరుచుకుంటారు. తమ వంతు వచ్చి బండి కాటా ఎక్కితే బరువు కంప్యూటర్‌లోకి పోతుంది, చీటీ బయటికొస్తుంది. ఆ చీటీ చూపిస్తేనే డబ్బు. కాటా గదిలో బల్ల కింద ఒక పాత సర్వర్ ఉండేది. అందులో నడిచేది సెంట్‌ఓఎస్ 7 అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. రోజూ రాత్రి 2 గంటలకు తూకాల లెక్కలన్నీ ఒక డిస్కులోంచి ఇంకో డిస్కులోకి కాపీ కావాలి. ఆ పని చేసే అకౌంట్ పేరు 'బ్యాకప్'. అంతకు కొన్నేళ్ల ముందు అక్కడ పనిచేసిన ఒక కుర్రాడు దాన్ని పెట్టి బెంగళూరు వెళ్లిపోయాడు.

2024 జూలై 4 రాత్రి లెక్కలున్న డిస్కు పోయింది. ఫోన్ రాగానే తిరుపతిలో మొదటి బస్సెక్కి పూతలపట్టు మీదుగా వెళ్లాను. దారిలో పెద్దగా టెన్షన్ కూడా పడలేదు, బ్యాకప్ ఉందిగా అని. తీరా తెరిచి చూస్తే చివరి కాపీ జూన్ 12 నాటిది.

సర్వర్ తన పనులన్నీ రాసుకునే లాగ్ తీశాను. జూన్ 13 నుంచి ప్రతి రాత్రి 2 గంటలకు ఒకే లైను ఉంది. పాస్‌వర్డ్ గడువు తీరింది, కొత్తది పెట్టాలి అని. 22 రాత్రులు, 22 లైన్లు. మార్చి 14న విదేశీ కొనుగోలుదారు పంపిన ఆడిటర్లు వచ్చి అందరి పాస్‌వర్డ్‌లూ మార్చమన్నారు, 90 రోజుల గడువు పెట్టమన్నారు. పాస్‌వర్డ్ ఉన్న ప్రతి యూజర్‌కూ అదే గడువు పడేలా కమాండ్ కొట్టింది నేనే. 'బ్యాకప్' అకౌంట్‌కు పాస్‌వర్డ్ ఎందుకుందంటే, ఎప్పుడో ఎవరో విండోస్ కంప్యూటర్ నుంచి ఫైళ్లు లాక్కోవడానికి పెట్టుకున్నారు. మనుషులైతే లాగిన్ అయినప్పుడల్లా 'ఇంకో 7 రోజుల్లో గడువు తీరుతుంది' అని సిస్టమ్ గుర్తుచేస్తుంది. ఎన్నడూ లాగిన్ కాని అకౌంట్‌కు ఆ మాట ఎవరు చెబుతారు? గడువు దాటాక షెడ్యూల్ పనులు నడిపే క్రాన్ ఆ అకౌంట్‌ను తలుపు దగ్గరే ఆపేస్తుంది. ఆపినట్టు లాగ్‌లో రాసుకుని ఊరుకుంటుంది.

తర్వాత నాలుగు రోజులు ముగ్గురు కుర్రాళ్లు కూర్చుని కాటా చీటీల కార్బన్ కాపీలు చూసి లెక్కలు మళ్లీ ఎక్కించారు. చాలా చీటీల మీద మామిడి సొన మరకలు. మరక కింద ఉన్నది 3 అంకో 8 అంకో తెలియక రైతులకు ఫోన్లు. 'మీ బండిలో కాయ ఎంత తూగింది సామీ' అని ఫ్యాక్టరీయే రైతును అడగడం అక్కడ అదే మొదటిసారి కావచ్చు.

ఈ తప్పు ఎవరిది అని ఆ నాలుగు రోజులూ చర్చ నడిచింది. నా వాటా నాకుంది. కానీ చర్చ ఎంతసేపూ పాస్‌వర్డ్ చుట్టూనే తిరగడం నాకు నచ్చలేదు. ఆ అకౌంట్ బాగోగులు ఎవరివి అని ఒక్కరూ అడగలేదు. అడిగితే చెప్పడానికి జవాబు కూడా లేదు.

మనిషికి కాక ఏదో ఒక పని కోసం పెట్టే ఇలాంటి అకౌంట్‌ను సర్వీస్ అకౌంట్ అంటారు. దాని సంగతి తెలియనివారికి కాస్త చెప్పాలి. 1969లో బెల్ ల్యాబ్స్‌లో పుట్టిన యూనిక్స్, దాని బాటలో వచ్చిన లినక్స్, ఫ్రీబీఎస్‌డీ లాంటివన్నీ ప్రతి పనినీ ఎవరో ఒక యూజర్ పేరు మీదే నడుపుతాయి. అన్ని అధికారాలూ ఉన్నది రూట్, దాని నంబర్ 0. వెబ్ సర్వర్‌ను రూట్ పేరు మీద నడిపితే దాంట్లో దూరిన దొంగ చేతికి ఇల్లంతా చిక్కుతుంది. అందుకని దానికి వేరే చిన్న అకౌంట్ ఇస్తారు. డెబియన్ అనే లినక్స్‌లో ఆ అకౌంట్ నంబర్ 33. తిరుపతి లాడ్జిల్లో రూమ్ బాయ్‌కి క్యాష్ కౌంటర్ తాళం ఇవ్వరు కదా, ఇదీ అంతే. ఎవరి పనికి ఎంత తాళం కావాలో అంతే.

ఈ అకౌంట్లను చాలావరకు మనం చేత్తో పెట్టం. ప్యాకేజీ, అంటే కట్టకట్టి ఇచ్చే సాఫ్ట్‌వేర్, ఇన్‌స్టాల్ చేస్తే దాని వెంట అదే వస్తుంది. ప్యాకేజీ తీసేస్తే మాత్రం అకౌంట్ చాలాసార్లు అక్కడే ఉండిపోతుంది. ఇది బద్ధకం అనుకోవద్దు. ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌కు పేర్లు తెలియవు, నంబర్లే తెలుసు. 997 నంబర్ అకౌంట్‌ను చెరిపేసినా దాని ఫైళ్లు డిస్కు మీద 997 పేరునే పడి ఉంటాయి. రేపు ఇంకో ప్యాకేజీకి అదే 997 దొరికితే పాత ఫైళ్లన్నీ దానివైపోతాయి. రూమ్ ఖాళీ చేసినాయన మంచం కింద వదిలేసిన సూట్‌కేసు, అదే రూమ్‌లో దిగిన కొత్తాయనకు దక్కినట్టు.

దీనికి ఒక్కొక్కరు ఒక్కో దారి పట్టారు. ఫ్రీబీఎస్‌డీ ప్యాకేజీల భండారమైన పోర్ట్స్‌లో ఒక జాబితా ఉంది. ఏ సర్వీస్‌కు ఏ నంబరో అందులో ముందే రాసిపెడతారు, ప్రపంచంలో ఏ మెషీన్‌లోనైనా అదే నంబర్. డెబియన్ 0 నుంచి 99 దాకా అలా ఖాయం చేసింది, 100 నుంచి 999 దాకా మాత్రం మెషీన్‌లో ఏది ఖాళీగా ఉంటే అది ఇస్తుంది. 2016లో, లినక్స్‌లో సర్వీసులను నడిపించే సిస్టమ్‌డీ ఇంకో అడుగు వేసి, సర్వీస్ నడిచినంతసేపే ఉండి ఆగగానే మాయమయ్యే అకౌంట్లను తెచ్చింది. పెద్ద డేటా సెంటర్లకు అది బాగానే ఉంటుంది. డిస్కు ఊడదీసి ఇంకో మెషీన్‌లో పెట్టి నడిపించే మన చిన్న ఊళ్ల పద్ధతికి ఫ్రీబీఎస్‌డీ జాబితాయే సుఖమని నాకనిపిస్తుంది. కాగితం మీద రాసుకున్నది ఎప్పటికైనా పనికొస్తుంది.

ఇక ప్యాకేజీల సంగతి. డెబియన్‌లో 60 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి. వాటిని చూసుకునేది ఎక్కువగా వాలంటీర్లు. ఎవరైనా ఇక నా వల్ల కాదు అనుకుంటే ఆ ప్యాకేజీని 'అనాథ' అని బహిరంగంగా జాబితాలో పెడతారు, కావాలనుకున్నవాళ్లు దత్తత తీసుకుంటారు. వాళ్లు వాడే మాట నిజంగా అదే. జీతం లేకుండా పనిచేసేవాళ్లు పాటిస్తున్న ఈ మర్యాద, జీతాలిచ్చి నడిపే మన ఆఫీసుల్లో లేదు.

ఆ మర్యాద ఉన్నచోట కూడా ఒక్క మనిషి అలసట ఎంత దూరం పోతుందో 2024 మార్చి 29న తెలిసింది. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్యాకేజీ ఉంది. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. దాన్ని ఏళ్లుగా ఒంటరిగా చూసుకుంటున్నది లాసే కోలిన్. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని సరదా పని మాత్రమేనని 2022లో ఆయనే చెప్పుకున్నాడు. సాయం చేస్తానంటూ జియా టాన్ పేరుతో ఒకరు అప్పటికే చేరారు. ఓపిగ్గా రెండేళ్లకు పైగా మంచి పనులే చేసి, నమ్మకం సంపాదించి, 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి పెట్టారు. దూరం నుంచి లాగిన్ కావడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా సర్వర్లలోకి దూరే దారి అది. మైక్రోసాఫ్ట్‌లో పనిచేసే ఆండ్రెస్ ఫ్రాయిండ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వబట్టి బయటపడింది. అప్పటికి అది డెబియన్, ఫెడోరా అనే లినక్స్‌ల పరీక్ష వెర్షన్ల లాంటి కొన్నింటి దాకానే వచ్చింది. అర సెకను ఆలస్యాన్ని పట్టించుకునే మనిషి ఒకడున్నాడు కాబట్టి సరిపోయింది. మన కాటా సర్వర్‌లో 22 రాత్రులు పోయినా ఎవరికీ పట్టలేదు.

ఎక్స్‌జెడ్ వార్త వచ్చినప్పుడు ఇక్కడ కొందరు మిత్రులు ఇంకో నీతి తీశారు. చూశావా, కొత్తవాటికే ఈ తిప్పలు, మన పాత సర్వరే మేలు అని. నడుస్తున్నదాన్ని కెలకొద్దన్న ఆ మాటను నేను పూర్తిగా కొట్టిపారేయను. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క అప్‌డేట్‌తో 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడకేశాయి. కాటా మీద బండి ఉండగా అప్‌డేట్ కొట్టేవాడికి బుద్ధి లేదనే నేనూ అంటాను. 'సీజన్ అయ్యేదాకా దాన్ని తాకొద్దు సామీ' అని మేనేజర్ గారు అంటే అందులో న్యాయం ఉంది. కానీ సీజన్ అయ్యేదెప్పుడు? మామిడి అయ్యాక జామ, జామ అయ్యాక బొప్పాయి, ఆ తర్వాత మెషీన్ల ఓవర్‌హాలింగ్, అది కాగానే మళ్లీ ఆడిట్. సెంట్‌ఓఎస్ 7కు సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగిపోయిన రోజు 2024 జూన్ 30, నడి సీజన్. కొన్నాళ్లకు అప్‌డేట్ కమాండ్ కొడితే సర్వర్ దొరకడం లేదన్న ఎర్రర్ తప్ప ఏమీ రాలేదు. ఆ తేదీ ఏళ్ల ముందే ప్రకటించినదే.

ఆడిటర్లతో నా పేచీ ఒకటుంది. డెబియన్ లాంటివి స్టేబుల్ వెర్షన్‌లో ప్యాకేజీ నంబర్ పెంచకుండా, సెక్యూరిటీ మరమ్మతు మాత్రం తెచ్చి అతికిస్తాయి. ఆడిటర్లు లోపాలు వెతకడానికి నడిపే స్కానర్‌కు కనిపించేది పాత నంబరే కాబట్టి రిపోర్టులో ఎర్ర గుర్తు. అది సరిచేసే ఉందని రుజువు చేయడానికి నాకో రోజు. 90 రోజుల పాస్‌వర్డ్ నియమం కూడా ఇలాంటిదే. ఊరికే గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పింది, ఇక్కడ ఆడిట్ ఫారాల్లో ఇంకా అదే గడి. మన కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో లాగ్‌లు 180 రోజులు దాచమంది. మంచిదే. మా దగ్గర లాగ్ పదిలంగానే ఉంది, చదివే దిక్కే లేదు.

ఫ్యాక్టరీలో జనరేటర్‌కు ఏఎంసీ, అంటే ఏడాది మరమ్మతుల ఒప్పందం ఉంది, ఆర్‌ఓ ప్లాంట్‌కు ఉంది, ఏసీకి ఉంది. సర్వర్‌కూ ఉంది. మూడు నెలలకోసారి ఒక అబ్బాయి వచ్చి బ్లోయర్‌తో దుమ్ము ఊది, గోడకు వేలాడే కార్డు మీద సంతకం పెట్టి పోతాడు. డబ్బా లోపల ఏ సాఫ్ట్‌వేర్ ఏ అకౌంట్‌తో నడుస్తోందో అతని పని కాదు. ఇన్‌స్టలేషన్‌కు ఒకసారి డబ్బిచ్చేశాం కదా, మళ్లీ ఏంటి అంటారు. నేను ఈ పని మీదే బతికేవాణ్ణి కాబట్టి నా స్వార్థం కొద్దీ చెబుతున్నాననుకోవచ్చు. స్వార్థం ఉంది. అయినా లెక్క చూడండి. నాలుగు రోజులు ముగ్గురు మనుషులు, ఆలస్యమైన రైతు పేమెంట్లు, గేటు దగ్గర గొడవలు, వీటి ఖర్చు ఏడాది పొడవునా నెలకోసారి లాగ్ చదివే మనిషికిచ్చే దానికంటే ఎక్కువే.

ఆ 'బ్యాకప్' పెట్టిన కుర్రాడికి ఫోన్ చేశాను. 'అన్నా, అప్పుడు తెలిసినట్టు పెట్టేసినా. ఎవరికి అప్పజెప్పాల అని అడిగితే, నువ్వు పో, మేం చూసుకుంటాంలే అన్నారు' అన్నాడు. ఈ కథ చిత్తూరు, తిరుపతి ఆఫీసుల్లో చాలాచోట్ల ఉంది. ఇక్కడి కాలేజీల్లో చదివిన పిల్లలు ఇక్కడ ఏడాది రెండేళ్లు చేతికింద పని నేర్చుకుని బెంగళూరో చెన్నైయో వెళ్లిపోతారు, వెళ్లాలి కూడా. వెళ్లేటప్పుడు బైక్ తాళం, ఐడీ కార్డు, సిమ్ తీసుకుంటాం. వాళ్ల పేరు మీద రాత్రిళ్లు ఏమేం నడుస్తున్నాయో అడగం. ల్యాబ్‌లలో షెల్ స్క్రిప్ట్ రాయడం నేర్పుతున్నారు, దాన్ని ఇంకొకరికి అప్పజెప్పడం నేర్పడం లేదు.

ఆ డిసెంబర్‌లో ఎలాగో మూడు రోజులు దొరికితే కొత్త మెషీన్‌లో డెబియన్ 12 వేసి లెక్కలన్నీ మార్చాం. 'బ్యాకప్' అకౌంట్‌కు ఈసారి పాస్‌వర్డే లేదు, లాగిన్ లేదు, కాపీ చేయడానికి కావలసినంత అనుమతే ఉంది. ఏ రాత్రి కాపీ కాకపోయినా పొద్దున 6 గంటలకు ఇద్దరి ఫోన్లకు మెసేజ్ వస్తుంది. ఒక లాంగ్ నోట్‌బుక్ కొని గీతలు కొట్టాం. అకౌంట్ పేరు, నంబర్, ఏ ప్యాకేజీతో వచ్చింది, ఎందుకు, ఎవరిది. చివరి గడిలో మనిషి పేరే రాయాలని పట్టుబట్టాను, 'ఐటీ డిపార్ట్‌మెంట్' అని రాస్తే ఒప్పుకోనన్నాను. అక్కడ ఐటీ డిపార్ట్‌మెంట్ అంటే అకౌంట్స్ చూసే ఆయనే.

పాత డిస్కులోంచి ఫైళ్లు నంబర్లతో సహా తెచ్చాం. అందులో ఒక ఫోల్డర్ 997ది. పాత సర్వర్‌లో ఆ నంబర్‌కు పేరు లేదు. ఎప్పుడో పెట్టి తీసేసిన కాటా కెమెరా సాఫ్ట్‌వేర్‌ది అయ్యుంటుంది. కొత్త మెషీన్‌లో 997 గడియారం టైమ్ సరిచేసే సర్వీస్‌కు వచ్చింది. ఇప్పుడు ఆ ఫోల్డర్ తెరిస్తే కాటా మీద నిలబడ్డ ట్రాక్టర్ల ఫొటోలు వేలకొద్దీ కనిపిస్తాయి, వాటి యజమాని స్థానంలో గడియారం పేరు. వాటిని ఉంచాలా తీసేయాలా, ఎవరిని అడగాలి? నోట్‌బుక్‌లో ఆ వరుసలో చివరి గడి దగ్గర ప్రశ్నార్థకం పెట్టాను. మేనేజర్ గారు దాని మీద వేలు పెట్టి, 'ఇది సీజన్ అయ్యాక చూద్దాంలే సామీ' అన్నారు. నేనూ సరేనన్నాను.