దయ్యాల ఉద్యోగాలు తీసెయ్యకండి

గోదావరి డెల్టాలో అడవి ఎక్కడుందని అడిగితే ఎవరైనా కోరింగ వైపే చెయ్యి చూపిస్తారు. అక్కడ మడచెట్లున్నాయి, బావురుపిల్లి ఉంది, నడవడానికి చెక్క వంతెన ఉంది, టికెట్ కూడా ఉంది. మిగతా డెల్టాలో అడవన్నదే లేదని అందరి నమ్మకం. ఇది శుద్ధ తప్పు. మనకి ఊరూరా అడవి ఉంది, కాకపోతే అర ఎకరమో ఎకరమో ఉంటుంది. హిందువులదైతే శ్మశానం అంటాం, క్రైస్తవులదైతే సమాధుల తోట, ముస్లిములదైతే ఖబరస్తాన్. రెవెన్యూ రికార్డుల్లో ఎక్కడా అడవని రాసి ఉండదు గానీ ముంగిసకి అడంగల్‌తో పనేముంది?

కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కల్లా ముగించాడు. ఆ తర్వాత కాలవ నీళ్ళు ఎంతమేర పారితే అంతమేరా మనవాళ్ళు దున్నేశారు, సుమారు 10 లక్షల ఎకరాలు. వరి పండనిచోట కొబ్బరి వేశాం, కొబ్బరి కంటే రొయ్య లాభమని చేలు తవ్వి వనామి చెరువులు చేశాం, చెరువు దెబ్బతింటే లేఅవుటు వేసి రాళ్ళు పాతాం. గట్టు మీది తుమ్మచెట్టు నీడకి చేను ఎదగట్లేదని దాన్నీ కొట్టించాం. సెంటు భూమి వదలని ఇంతటి మహానుభావులం శ్మశానం జోలికి మాత్రం పోలేదంటే, అది ప్రకృతి మీద ప్రేమ అనుకుంటున్నారా? భయమండీ, ఒట్టి భయం. పొద్దుగూకాక అటెళ్తే దయ్యం పట్టుకుంటుందని!

కాబట్టి ఇన్నాళ్ళూ ఈ డెల్టాలో అటవీశాఖని నడిపింది దయ్యాలే అని నేను సవినయంగా మనవి చేస్తున్నాను. జీతం లేదు, టీఏ లేదు, అంతా నైట్ డ్యూటీయే. యూనిఫాం తెల్లచీర అంటారు గానీ రుజువు లేదు.

వాటి పనితనం చూడాలంటే ఏదైనా పాత సమాధి దగ్గర ఓ గంట కూర్చోండి (పగలే వెళ్ళండి, దయ్యాలకి పని చెప్పొద్దు). పాలకొల్లులో బట్టల వ్యాపారానికొచ్చి ఇక్కడే ఉండిపోయిన డచ్చివాళ్ళ సమాధులు 17వ శతాబ్దం నాటివి ఉన్నాయి. అంత పాతవి కాకపోయినా, గానుగ సున్నంతో కట్టినవి చాలా ఊళ్ళలో దొరుకుతాయి. కాకి వేసిన విత్తనం ఆ సున్నంలో మొలిచి జానెడు రావిమొక్క అయి ఉంటుంది. దాని వేరు చీల్చిన సందులో తొండ తల ఊపుతూ ఉంటుంది, అడుగున ముంగిస బొరియ. రాయి మీద రూపాయి బిళ్ళంత లైకెన్ (బూజూ నాచూ కలిసి బతికే పెచ్చు) మచ్చలు, బూడిదరంగువి కొన్ని, పచ్చరంగువి కొన్ని. ఇంగ్లండులో పాత చర్చి ఆవరణల్లో 700 రకాలకు పైగా లైకెన్లు దొరికాయని అక్కడివాళ్ళు అపురూపంగా చెప్పుకుంటారు. మనం నవంబరు 2న సమాధుల పండుగ వస్తోందంటే వారం ముందే యాసిడ్ పోసి, బ్రష్‌తో గీకి, తెల్లసున్నం కొడతాం. తర్వాత బజారుకెళ్ళి, పలావులోకి అదే లైకెన్ల కోవకి చెందిన రాతిపువ్వుని డబ్బులిచ్చి కొనుక్కొస్తాం.

పత్రి సంగతి ఇంకా బావుంటుంది. వినాయకచవితికి పూజించే 21 పత్రుల్లో అపామార్గం, దత్తూరం, అర్కం, అశ్వత్థం ఉన్నాయి కదా. ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, రావి అన్నమాట. డెల్టాలో ఇవి నాలుగూ ఒకే ప్రహరీ లోపల, మందు కొట్టకుండా, ఏపుగా పెరిగే చోటు ఏదో చెప్పక్కర్లేదు. పండగ ముందురోజు సంతలో కట్టలు కట్టి అమ్మే ఆవిడ అవి ఎక్కణ్ణుంచి కోసుకొచ్చిందో చెప్పదు, మనం అడగం. ఈ ఒప్పందం వల్లే పండగ సజావుగా జరిగిపోతోంది.

ఇక గుడ్లగూబ. చేలో ఎలుకలకి జింకు ఫాస్ఫైడు పెట్టి, బుట్టలు పెట్టి, చాలక పక్షి స్థావరాలు పాతండని వ్యవసాయశాఖ చెబితే కర్రలు కూడా పాతి, దాని మీదికి గుడ్లగూబ వచ్చి వాలాలని ఎదురుచూసే రైతే, అదే గుడ్లగూబ శ్మశానంలో చింతచెట్టు తొర్రలోంచి అరిస్తే రాళ్ళుచ్చుకుని పరిగెడతాడు. ఆ చెట్టు కింద బొటనవేలంత నల్లటి ఉండలుంటాయి, విప్పి చూడండి. బొచ్చు, సన్నటి ఎముకలు, పసుపు పళ్ళతో సహా ఎలుక దవడ. అరగనిదంతా అది అలా కక్కేస్తుంది. ఎవరి చేలో ఎలుకో పాపం, దవడ మీద సర్వే నంబరు ఉండదు.

సమాధుల మీద దానంతటదే పూసే బిళ్ళగన్నేరుని చచ్చినవాళ్ళ పువ్వని ఇంట్లో పెట్టనివ్వని ముసలమ్మలున్నారు. పిల్లలకొచ్చే రక్తకేన్సర్‌కి వాడే విన్‌క్రిస్టిన్ మందు ఆ మొక్కలోంచి తీసిందే. ఈ ముక్క చెబితే, ‘అయితే ఆస్పత్రిలో పెంచుకోమనండి’ అంటారు.

ఇంతటి శాఖకి ఇప్పుడు గడ్డుకాలం వచ్చింది. చదువులు పెరిగి దయ్యాల మీద నమ్మకం పోయింది. హైమాస్ట్ లైట్ వెలిగాక చీకటీ పోయింది. పగ్గాలు జేసీబీ చేతికొచ్చాయి. దీన్ని సుందరీకరణ అంటున్నారు. తుప్పలు తీసెయ్యడం, నేలంతా టైల్స్ పరవడం, అంచున ఎక్కడో ఆఫ్రికా తీరపు కోనోకార్పస్ నాటడం. అదే నెలలో వనమహోత్సవం అని బడిపిల్లల చేత మొక్కలు పట్టించి ఫొటోలు.

అందుచేత నా డిమాండ్ ఒక్కటే. దయ్యాలు లేవని ఊళ్ళో మైకు పెట్టి చెప్పేవాళ్ళు ముందుగా పర్యావరణ అనుమతి తీసుకోవాలి. సైన్సు నాకూ ఇష్టమే, కానీ ప్రత్యామ్నాయ సిబ్బందిని నియమించకుండా ఉన్నవాళ్ళని తీసెయ్యడం ఏ సర్వీస్ రూల్స్‌లో ఉందో చెప్పండి.

మొన్న మా ఊళ్ళో ఆ టైల్స్ పని దక్కించుకున్నాయన్ని ఆపి, ‘ఏమండీ, ఆ ఈతతుప్పల్లో మానుపిల్లి పిల్లల్ని పెట్టింది, దాన్నేం చేద్దామని?’ అని అడిగాను.

ఆయన ఫోన్ తీసి, కాగితం పెద్దది చేసి, పైనుంచి కిందదాకా ఓపిగ్గా చదివాడు.

‘ఎస్టిమేట్‌లో పిల్లి లేదండి, ఆయ్. బల్లలున్నాయి, సెల్ఫీ పాయింట్ ఉందండి.’