బిళ్ళ పారేస్తున్నాడంటే మొండోడని కాదు

ఇల్లు లేని పేషెంట్లకి మందులు ఫ్రీగా ఇస్తున్నా వాళ్ళే సరిగ్గా వాడట్లేదు అని ఒక వ్యాసంలో రాసినారు, నేను కర్నూల్లో మెడికల్ షాపు నడుపుతా, నాకు కనపడేది వేరే. మా షాపు అరుగు మీద పడుకునే పెద్దాయనకి కాళ్ళ వాపులని నీళ్ళు పోయే బిళ్ళ రాసినారు, వేసుకున్న గంటకే ఒంటేలుకు పరిగెత్తాల, ఒకసారితో ఆగదు కూడా, యాడికి పోతాడు? గోడ పక్కకి పోతే తిడతారు. అందుకే పారేసేవాడు. బస్టాండు బాత్రూం దగ్గర ఉన్నప్పుడు పొద్దున్నే మింగు తాతా అంటే అప్పట్నుంచి వాడుతున్నాడు, అంతే.

ఇన్సులిన్ ఇంకో కత. వాడకం మొదలుపెట్టిన సీసా 30 డిగ్రీల లోపల ఉంటేనే ఓ నాలుగు వారాలు పనిచేస్తుంది, మన ఎండలు 40 దాటుతాయి, సంచిలో వేసుకుని తిరిగితే ఏముంటుంది అందులో! పైగా రాత్రికి అన్నం దొరుకుతుందో లేదో తెలీనోడికి సూది పొడిస్తే షుగర్ పడిపోయి ప్రాణం మీదికొస్తది. అట్లాంటోళ్ళు ఇద్దరి ఇన్సులిన్ సీసాలు మా ఫ్రిజ్‌లోనే పెట్టుకుంటా.

అడ్మిషన్‌కి పోతే తోడుండే అటెండర్ ఎవరు అంటారు (ఏ ఆసుపత్రో చెప్పన్లే), ఎవరూ లేకనే కదా సామీ రోడ్డు మీద ఉండేది. అమెరికాలో బోస్టన్‌లో 1985 నుంచి ఇల్లు లేనోళ్ళ వైద్యానికే ఒక ప్రోగ్రాం ఉంది, డాక్టర్లే షెల్టర్లకి, వీధుల్లోకి పోయి చూస్తారు, డిశ్చార్జ్ అయినోళ్ళు కోలుకునేదానికి వేరే మంచాలు కూడా పెట్టినారు. మనోళ్ళకి కొత్తేం కాదులే, టీబీ బిళ్ళలు పేషెంటు ఎదురుగా నిలబడి మింగించలేదా? వారానికి ఒక సాయంత్రం బస్టాండు కాడికి ఒక నర్సమ్మని పంపమనండి చాలు, కుర్చీ నేనేస్తా.