చల్లదనం బయటికి పోతుందని

మే నెలలో హైదరాబాద్ ఎండ 40 డిగ్రీలు దాటిందంటే మా బాబాయిలో ఇంజినీరు మేలుకుంటాడు. ఆయన జీవితమంతా చేసింది లెక్కల గుమాస్తా ఉద్యోగం, అది వేరే విషయం. మలక్‌పేటలోని వాళ్లింటికి కొత్త కూలర్ రాగానే కిటికీలన్నీ బిగించి, తలుపు కింది సందులో పాత లుంగీ కుక్కాడు.

"కాస్త గాలి ఆడనివ్వండి" అంది పిన్ని.

"చల్లదనం బయటికి పోతే కరెంటు బిల్లు దండగ కాదూ? జూపార్కులో పులులకూ కూలర్లు పెడతారు. అవి ఏనాడైనా గాలి ఆడలేదన్నాయా?"

పులి బోనుకు ఊచలే తప్ప లుంగీ ఉండదని చెప్పబోయి ఊరుకున్నాను. పెద్దవాళ్లతో వాదిస్తే ఒంట్లో వేడి ఇంకా పెరుగుతుంది.

కాసేపు స్వర్గమే. తరవాత పళ్లెంలోని అప్పడాన్ని విరవబోతే చప్పుడు చేయకుండా వంగింది. గోడ మీది క్యాలెండరు మే నెలను మోయలేక ముందుకు వాలింది.

పాపం, బాబాయి మెదడులోని హైపోథాలమస్ తన డ్యూటీ తాను చేస్తూనే ఉంది. ఒళ్లు 37 డిగ్రీల దగ్గర నిలవాలని చర్మం కింది రక్తనాళాలను వెడల్పు చేసింది, చెమట గ్రంథులను పురమాయించింది. కానీ చెమట కారితే లాభం లేదు, ఆవిరి కావాలి. ఆవిరైన ఒక్కో గ్రాము సుమారు 2400 జౌళ్ల వేడిని వెంట తీసుకుపోతుంది. కూలర్ నడిచేదీ ఈ సూత్రం మీదే, మన ఎండ పొడిగా ఉంటుంది కనుకే దాని ఆటలు సాగుతాయి. మూసిన గదిలో గాలంతా అది వదిలిన తేమతో నిండిపోయాక బాబాయి చెమటకు పోయే దారి లేక బనియనులో మకాం పెట్టింది. హైపోథాలమస్ మాత్రం "ఇంకా, ఇంకా" అంటోంది.

వాళ్ల కుక్క జిమ్మీ కష్టం అంతకన్నా పెద్దది. కుక్కలకు ఒంటిని చల్లబరచుకునే చెమట అరికాళ్లకు తప్ప దాదాపు ఎక్కడా పట్టదు. నాలుక చాపి రొప్పి, నోటి తడిని ఆవిరి చేసుకోవాలి. ఇక్కడ అదీ కుదరలేదు. ఒంటి వేడికి బయటి వాతావరణం మీదే ఆధారపడే గోడమీది బల్లి, ఎవరినీ సంప్రదించకుండా కూలర్ వైరు కోసం కొట్టిన కంతలోంచి చోటు మార్చేసింది. అది చూసిందో ఏమో, జిమ్మీ లేచి లుంగీని పళ్లతో పట్టి లాగేసి, తలుపును మూతితో నెట్టుకుంటూ పోయి, బాత్రూములో తడి బండలకు పొట్ట ఆనించి నాలుగు కాళ్లూ చాపేసింది.

అదే అదనుగా పిన్ని కిటికీలు బార్లా తెరిచింది. తేమ బయటికి పోయింది, పొడిగాలి లోపలికి వచ్చింది, అప్పుడుగానీ కూలర్ కూలర్‌లా పనిచేయలేదు. బాబాయి వీపు మీద బనియను ఆరడం మొదలుపెట్టింది. ఆయన కాళ్లు చాపుకుని మా వైపు గర్వంగా చూశాడు.

"కొత్త మిషను కదా, అందుకోవడానికి కొంచెం టైము పడుతుంది. ఇక ఆ కిటికీలు మూసెయ్యండి."