లీటర్లు లెక్కపెట్టి రేసు పెట్టిన రోజులే నయం

పోర్షే వెళ్లిపోయింది. 2025 సీజన్‌తో డబ్ల్యూఈసీ, అంటే గంటల తరబడి సాగే రేసుల ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో, పై క్లాసైన హైపర్‌కార్‌కి ఫ్యాక్టరీ టీమ్ టాటా చెప్పేసి, తన 963 రేసు కారుని అమెరికాలో ఐఎంఎస్ఏ సిరీస్‌కి పరిమితం చేసుకుంది. డబ్బుల్లేవు, అమ్మకాలు తగ్గాయి, ఈ కారణాలన్నీ అందరూ రాసేశారు కాబట్టి నేను మళ్లీ రాయను. నా గోల వేరే. ఆ కారుకి 963 అని పేరు పెట్టిందే పాత 956, 962ల వారసుడని చెప్పుకోడానికి. ఆ పాత జోడీ లె మాన్స్ 24 గంటల రేసుని 1982 నుంచి 1987 దాకా వరసగా ఆరేళ్లు గెలిచింది, ఈ వారసుడు మూడుసార్లు వెళ్లి ఒక్కసారీ గెలవలేకపోయాడు, 2025లో అయితే 14 సెకన్ల తేడాతో సెకండ్. అది చూసి "పోర్షేలో ఇప్పుడు ఆ సత్తా లేదు" అనేవాళ్లు బయల్దేరారు. సత్తాకి ఏం లోటు లేదు, 2024 డబ్ల్యూఈసీ డ్రైవర్స్ టైటిల్ కొట్టింది ఈ 963తోనే. తేడా అంతా రూల్‌బుక్‌లో ఉంది.

1982లో గ్రూప్ సి అనే రేసు కార్ల క్లాస్ మొదలైనప్పుడు రూల్ ఎంత సింపుల్ అంటే, వెయ్యి కిలోమీటర్లకి 600 లీటర్ల పెట్రోల్ ఇస్తాం, ట్యాంక్ వంద లీటర్లు మించకూడదు, బరువు 800 కిలోలకి తగ్గకూడదు, ఇంజన్ ఎంత పెద్దది పెట్టుకుంటావో టర్బో పెట్టుకుంటావో మానుకుంటావో నీ ఇష్టం. అంతే. పోర్షే ఇంజినీర్ నార్బర్ట్ సింగర్ టీమ్ 956ని ఆ లెక్క చుట్టూనే కట్టింది. పోర్షే అప్పటిదాకా ముట్టుకోని అల్యూమినియం మోనోకాక్ (ఒకే పెట్టెలాంటి బాడీ), కింద గాలితో కారుని రోడ్డుకి అతికించే గ్రౌండ్ ఎఫెక్ట్, వెనక ఇండీ రేసుల కోసం మొదలుపెట్టి ఆపేసిన ప్రాజెక్ట్ నుంచి వచ్చిన 2.65 లీటర్ల టర్బో ఇంజన్.

మొదటి రేసు సిల్వర్‌స్టోన్, ఆరు గంటలు. పెట్రోల్ కోటా మాత్రం వెయ్యి కిలోమీటర్ల లెక్కకే ఇచ్చారు, ఆరు గంటల్లో ఈ కార్లు అంతకంటే ఎక్కువ దూరం పోతాయి కదా, దాంతో కొత్త కారులో పోర్షే డ్రైవర్లు ఇక్స్, బెల్ ఇద్దరూ యాక్సిలరేటర్ మీద కాలు ఆపుకుంటూ తిరగాల్సొచ్చింది, ఆ పెట్రోల్ లిమిట్ లేని పాత క్లాస్ లాన్సియా గెలిచింది. చాలామంది నవ్వారు. నెల తర్వాత లె మాన్స్‌లో 1, 2, 3 నంబర్లున్న మూడు 956లు అదే వరసలో 1, 2, 3 స్థానాల్లో వచ్చాయి. 1983లో టాప్ టెన్‌లో తొమ్మిది 956లే, తొమ్మిదో స్థానంలో సౌబర్ టీమ్ కారు ఒక్కటి దూరింది, దాని మీద పోర్షే వేసుకున్న పోస్టర్ "ఎవరూ పర్ఫెక్ట్ కాదు" అని. పొగరు మామూలుగా లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన ముక్క. 1984కి పెట్రోల్ కోటా 15 శాతం కోస్తామని ముందే చెప్పారు, పోర్షే దానికి తగ్గట్టు డబ్బు పోసి పనిచేసుకుంది, తీరా ఆఖర్లో రూల్స్ పెట్టే ఎఫ్ఐఎస్ఏ వాళ్లు కోత వాయిదా వేశారు. పోర్షే ఫ్యాక్టరీ టీమ్ ఆ ఏడాది లె మాన్స్‌కి రానని అలిగి కూర్చుంది! పెట్రోల్ తగ్గించినందుకు కాదు బాబూ, తగ్గించనందుకు. ఇవాళ ఏ కంపెనీ అయినా నాకు రూల్ ఇంకా టైట్ చెయ్యండి అని అలుగుతుందా?

వాళ్లు రాకపోతే ఏమైంది, 956లని అంతకుముందే బయటి టీములకి అమ్మేశారుగా. జోస్ట్ అనే ప్రైవేట్ టీమ్ దగ్గరున్న పసుప్పచ్చ కారు, నంబర్ 7, ఛాసిస్ 117, ఆ ఏడాది గెలిచింది. సరే ఫ్యాక్టరీ లేదు కాబట్టి గెలిచారు అనుకుందాం. 1985లో ఫ్యాక్టరీ కొత్త 962సిలతో వచ్చింది, వాయిదా పడ్డ కోత కూడా అమల్లోకొచ్చి 24 గంటల కోటా 2600 లీటర్ల నుంచి 2210కి పడింది. మళ్లీ అదే నంబర్ 7, అదే 117! నడిపింది క్లాస్ లుడ్విగ్, పాస్తా కంపెనీ కుటుంబానికి చెందిన పావొలో బరిల్లా, జాన్ వింటర్ అనే మారుపేరుతో రేసులాడే ఇంకో పెద్దమనిషి. మొదటి గంటల్లో వీళ్లు, రిచర్డ్ లాయిడ్ టీమ్ 956 వాళ్లు ఒకరి వెనక ఒకరు నక్కి, వంతులేసుకుని ముందు కారు గాలి నీడలో పెట్రోల్ మిగుల్చుకున్నారు. చివరికి జోస్ట్ ఫస్ట్, లాయిడ్ సెకండ్, ఫ్యాక్టరీ కారు థర్డ్. కారు తయారుచేసినోడినే అదే కారు పాత మోడల్ కొనుక్కున్నోళ్లిద్దరూ ఓడించారన్నమాట. మొదట్లో మంచి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్‌ని ఫ్యాక్టరీ తన దగ్గరే దాచుకుని కస్టమర్లకి పాతది అంటగట్టిందిలెండి, దేవుళ్లేం కాదు.

ఆ పెట్రోల్ కోటా రూల్ వల్ల ఇంకో లాభం, ఏ ఇంజన్ వాడైనా రావచ్చు. 1988 లె మాన్స్‌లో పోర్షేని దించిన జాగ్వార్‌ది టర్బో లేని 7 లీటర్ల వి12, పోర్షేది టర్బో పెట్టిన 3 లీటర్ల సిక్స్, సైజు సగం కూడా లేదు, ఇద్దరికీ పెట్రోల్ మాత్రం ఒకటే. చివర్లో ఇద్దరూ ఒకే ల్యాప్‌లో ఉన్నారు. పోర్షే ఎక్కడ పోగొట్టుకుంది అంటే, లుడ్విగ్ ఇంకో రౌండ్ లాగుదామని చూసి పెట్రోల్ అయిపోయి స్టార్టర్ మోటర్ మీద నెట్టుకుంటూ పిట్స్‌కి చేరాడు, అక్కడ.

అవతలి వాదన కూడా వినాలి. బీఓపీ, అంటే బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్, కార్ల బరువూ పవరూ సర్ది అందర్నీ సమానం చేసే ఇప్పటి పద్ధతి, ఉండబట్టే ఫెరారీ, టొయోటా, క్యాడిలాక్, బీఎండబ్ల్యూ ఇంతమంది ఒకే గ్రిడ్ మీదున్నారు, గ్రూప్ సిలో పదిలో తొమ్మిది పోర్షేలుంటే చూసేవాళ్లకి బోర్ కాదా అంటారు. పాయింటే. కానీ ఆ బోర్‌ని పోగొట్టింది జాగ్వార్, ఆ తర్వాత సౌబర్ మెర్సిడెస్, అదే పెట్రోల్‌తో బుర్ర పెట్టి. గ్రూప్ సి చచ్చింది కూడా ఎప్పుడు, పెట్రోల్ లెక్క వదిలేసి అందరూ 3.5 లీటర్ల ఇంజనే పెట్టాలని పట్టుబట్టాక.

ఇప్పటి పద్ధతేంటి? కారు బాగుంటే కిలోలు కలుపుతారు, కిలోవాట్లు కోస్తారు, రేసుకి ముందు ఏ కారుకి ఎంతో రాసిన టేబుల్ ఒకటి వస్తుంది. క్లాసులో ఫస్ట్ వచ్చినోడికి తర్వాతి పరీక్షలో పది మార్కులు ముందే కోసేసినట్టు ఉంటుంది. పైగా దాని గురించి టీములు, డ్రైవర్లు బయట నోరెత్తకూడదని రూల్. అందుకే 963 ఓడినా ఎందుకు ఓడిందో మనకి తెలీదు, ఫెరారీ మూడేళ్లు వరసగా గెలిచినా నమ్మలేని పరిస్థితి. 2025లో గెలిచింది ఏఎఫ్ కోర్సే వాళ్ల ప్రైవేట్ పసుప్పచ్చ ఫెరారీ, ఫ్యాక్టరీ ఫెరారీలని దాటి. జోస్ట్ కథే మళ్లీ, సంబరంగా చెప్పుకోవాల్సింది, దాన్ని కూడా టేబుల్ గొడవే మింగేసింది.

ఈ జబ్బు రేసులతో ఆగితే నేనింత రాయను. మన దేశంలో 2006 బడ్జెట్ నుంచి చిన్న కారు అంటే నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోల్ అయితే 1200 సీసీ. పన్ను తక్కువ కాబట్టి కంపెనీలు ఏం చేశాయి, 2012లో డిజైర్ తోక కోసి 3995 మిల్లీమీటర్లకి తెచ్చారు, రోడ్డు మీద వెనక నుంచి చూస్తే డిక్కీ మీద ఎవరో గొడ్డలేసినట్టు ఉండేది. ఎకోస్పోర్ట్ 3999. ఇంజినీర్లు టేపు పట్టుకుని కార్లు చేశారు. 2025లో జీఎస్టీ తగ్గించినప్పుడూ అదే నాలుగు మీటర్లు, అదే 1200. ఆ సెప్టెంబర్లోనే వచ్చిన కేఫ్ రూల్స్ (కంపెనీ కార్ల సగటు ఇంధన వాడకం మీద లిమిట్) డ్రాఫ్ట్‌లో 909 కిలోల లోపు చిన్న పెట్రోల్ కార్లకి ప్రత్యేక సడలింపు ప్రతిపాదించారు, ఇంకేముంది, కంపెనీలు రెండు వర్గాలై కొట్టుకున్నాయి. ఇదీ బీఓపీయే. కిలోమీటర్‌కి ఇన్ని గ్రాముల కార్బన్, పొడవెంతైనా బరువెంతైనా నీ ఇష్టం అని ఒక్క లైన్ రాసి వదిలేయడానికి ఏం అడ్డమొచ్చింది? పోర్షే రెండు క్లచ్‌ల పీడీకే గేర్‌బాక్స్ 1986లో ఇటలీలోని మోంజాలో 962 మీద రేసు గెలిచి, 2008లో 911లోకి వచ్చింది. డిజైర్ కోసిన డిక్కీ నుంచి ఏం వచ్చిందో ఎవరైనా చెప్పండి.