చెనిక్కాయ పందెం: అనంతపురానికి ఒక విధాన ప్రతిపాదన

లిమిట్ పోకర్ కొత్తగా నేర్చుకునేవాడు ఎంత పందెంతో మొదలుపెట్టాలి, ఎంతమంది ఉన్న బల్ల దగ్గర కూర్చోవాలి అనే రెండు ప్రశ్నలను అనంతపురం ఇంతవరకు పట్టించుకోలేదు. కరువు మీద కమిటీలు చూశాం. చెనిక్కాయ గిట్టుబాటు ధర మీద ధర్నాలు చేశాం. క్లాక్ టవర్ దగ్గర ట్రాఫిక్ మీద ఎవరికి తోచిన పరిష్కారం వాళ్ళు చెప్పారు. ఈ రెండు ప్రశ్నలు మాత్రం పాతూరు నుంచి సాయినగర్ దాకా ఏ అరుగు మీదా చర్చకు రాలేదు. ఆ లోటు తీర్చాల్సిన బాధ్యత, వేరే పనేమీ లేనందువల్ల, నా మీద పడింది.

హోల్డెమ్ అనే ఈ పోకర్ పేకాట తెలియనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు. (తెలియదని ఎవరూ ఒప్పుకోరు కాబట్టి అందరూ చదవొచ్చు.) ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. బల్ల మధ్యలో అందరికీ కలిపి అయిదు ముక్కలు తెరుస్తారు: ముందు మూడు, తర్వాత ఒకటి, ఆఖరున ఇంకొకటి. ఈ ఏడింట్లోంచి మేలైన అయిదు ముక్కలు కుదిరినవాడిదే గెలుపు. మొత్తం నాలుగు విడతల పందెం. లిమిట్ ఆటలో పందెం ఎంతో ముందే రాసిపెట్టి ఉంటుంది. 2-4 బల్ల అంటే మొదటి రెండు విడతల్లో పందెం రెండు రూపాయలు, చివరి రెండింటిలో నాలుగు. విడతకు ఒక పందెం, దాని మీద మామూలుగా మూడుసార్లు పెంచుకోవచ్చు. ఆపైన మీరు ఎవరి అల్లుడైనా సరే, పెంచడానికి లేదు.

ఆ ఆఖరి మాట దగ్గరే మనవాళ్ళకు గొంతులో ముల్లు పడుతుంది.

మన దగ్గర పందెం ఎంతన్నది జేబును బట్టి తేలదు, ఎవరు చూస్తున్నారన్న దాన్ని బట్టి తేలుతుంది. తాడిపత్రి నుంచి వియ్యంకుడు వచ్చి కూర్చుంటే ఒక రేటు, పక్కింటి గుమాస్తా కూర్చుంటే ఒక రేటు. మా మామకు 2-4 సంగతి చెప్పగానే "నాలుగు రూపాయలేందప్పా, బీడీ కట్టకు గూడా రాదు" అన్నాడు. ఆయన బాధ డబ్బు గురించి కాదు. మూడుముక్కలాటలో చేతిలో ఏమీ లేకపోయినా, జేబు బరువుగా ఉన్నవాడు ఒక్క దెబ్బకు నోట్ల కట్ట బల్ల మీద కొట్టి ఎదుటివాళ్ళ చేత ముక్కలు పడేయించగలడు. లిమిట్ ఆట ఈ జన్మహక్కును లాగేసుకుంటుంది. కాంట్రాక్టరు ఎంత ఉరిమి చూసినా, ఆసుల జత ఉన్న గుమాస్తా ఇంకో నాలుగు రూపాయలు వేసి "చూపించు సార్" అంటాడు. ఆ నాలుగు రూపాయలతో ఒక పెద్దమనిషి పరువు నలుగురి ముందు తేలిపోతుంది. ఇలాంటి ఆటను ఏ సమాజమైనా ఎందుకు సహించాలి?

ఇక ఆట తెలిసినవాళ్ళు చెప్పే లెక్క ఇంకా అవమానకరం. ఒక స్థాయిలో కూర్చోవాలంటే సుమారు 300 పెద్ద పందేలకు సరిపడా సొమ్ము పక్కన పెట్టుకోవాలంటారు. 2-4 బల్లకు 1200 రూపాయలు. అది స్కూలు ఫీజు కాకూడదు, విత్తనాల డబ్బు కాకూడదు, చీటీ కట్టాల్సింది కాకూడదు. పోయినా ఇంట్లో ఎవరూ అడగని డబ్బయి ఉండాలి. అనంతపురం జిల్లాలో అలాంటి డబ్బు ఉన్నట్టు నా ఎరుకలో లేదు. ఉంటే బోరులో పడి ఉంటుంది.

బోరంటే గుర్తొచ్చింది. కొబ్బరికాయ అరచేతిలో నిలబడిన చోట రిగ్గు పెట్టించి, ఆరు వందల అడుగులకు దుమ్ము తప్ప ఏమీ రాకపోతే మనం ఏమంటాం? "ఇంకో యాభై కొట్టప్పా." అదీ పోతే ఇంకో యాభై. లిమిట్ పోకర్‌లోనూ ఈ ఇంకో యాభై ఉంది, ఒక్కోసారి అది తెలివైన పని కూడా. మీ చేతిలో రెండు ఆటీన్లు, బల్ల మీద నాలుగు ముక్కల్లో రెండు ఆటీన్లు ఉన్నాయనుకోండి. ఇంకొక్క ఆటీను పడితే అయిదూ ఒకే జాతివై బలమైన చేయి అవుతుంది. మీకు కనపడని ముక్కలు 46. వాటిలో ఆటీన్లు తొమ్మిది. అంటే అయిదోది పడే అవకాశం అయిదింట ఒకటి కంటే ఒక పిసరు తక్కువ. బల్ల మధ్యలో పది పందేల సొమ్ము పోగై ఉంటే, ఒక్క పందెం వేసి ఆఖరి ముక్క చూడటంలో తప్పు లేదు. మూడే పందేలుంటే లేచి మంచినీళ్ళు తాగి రావడం మేలు. పందెం కట్టేసి ఉంటుంది కాబట్టి ఈ లెక్క వేలి మీద వేసుకోవచ్చు. కొత్తవాళ్ళకు ముందు లిమిట్ నేర్పాలనడానికి ఇదొక కారణం. రిగ్గు బండివాడు మాత్రం ఇంతవరకు ఇలాంటి లెక్క చెప్పిన పాపాన పోలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. మన ఊరి పేకాటరాయుళ్ళు పోలీసు జీపు లైటు కనపడగానే 1967 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఎత్తుకుంటారు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో, రమ్మీకి కొంత నైపుణ్యం కావాలి, అది కేవలం అదృష్టం మీద నడిచే ఆట కాదని కోర్టు చెప్పిన మాట నిజమే. అదే తీర్పులో మూడుముక్కలాట పూర్తిగా అదృష్టం ఆటేనని కూడా ఉంది. ఆ వాక్యం వచ్చేసరికి మనవాళ్ళకు దగ్గు వస్తుంది. తర్వాత 1974 నాటి గేమింగ్ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్ 2020లో సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా నిషేధంలోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా ఆపేస్తూ చట్టం చేసింది. దాంతో ఎంత పందెంతో మొదలుపెట్టాలన్న మొదటి ప్రశ్నలో సగాన్ని ప్రభుత్వమే తేల్చేసింది: సున్నా.

మిగతా సగానికి నా ప్రతిపాదన చెనిక్కాయ.

బొరుగులు పరిశీలించాను. ఫ్యాను వేస్తే బ్యాంకు (అంటే పందేల కోసం పోగుచేసిన నిల్వ) మొత్తం పక్కింటి మిద్దె మీదికి పోతుంది. చింతగింజలు పోతే ఎవరికీ బాధ లేదు, బాధ లేనిచోట ఎవరూ ముక్కలు పడేయరు, పిచ్చి ముక్కలతో కూడా ఆఖరు దాకా కూర్చుంటారు. ఇది నిజంగా ఆలోచించాల్సిన విషయం. పందెం మరీ చిన్నదైతే ఆట నేర్చుకోవడం కాదు, కాలక్షేపం అవుతుంది. పోతే మనసు కొంచెం చివుక్కుమనాలి, నిద్ర మాత్రం పోకూడదు. అనంతపురం మనిషికి సరిగ్గా ఆ కొలతకు సరిపోయే వస్తువు చెనిక్కాయే.

పైగా దేవుడు దాన్ని లిమిట్ ఆట కోసమే చేసినట్టుంది. వలిచిన గింజ చిన్న పందెం. కాయ పెద్ద పందెం, ఎందుకంటే లోపల రెండు గింజలుంటాయి. ఒకటికి రెండు, పుస్తకంలో ఉన్నట్టే. 300 కాయలు తూకం వేస్తే అర కిలో కూడా రావు, కాబట్టి ఎంతటి బీదవాడికైనా పెట్టుబడి అందుబాటులో ఉంటుంది. దొంగ నోటు గొడవ లేదా అంటే ఉంది. లొట్ట కాయలు కలిపేవాళ్ళు ఉంటారు. అందుకని పెద్ద పందెం వేసిన ప్రతిసారీ ఎదుటివాడు కాయను చెవి దగ్గర ఊపి చూసుకునే హక్కు ఉండాలి. మూడు గింజల కాయ వేసినవాడికి చిల్లర తిరిగివ్వాలా, అది పెంచినట్టు లెక్కా అన్నదాని మీద మా వీధిలో రెండు వర్గాలు ఏర్పడ్డాయి. ఇది డబ్బుతో ఆడినట్టే కదా అని ఒక లాయరు మిత్రుడు అనుమానపడ్డాడు. చెనిక్కాయ డబ్బు కిందికి వస్తుందా అని ఏ రైతునైనా అడగండి, రాదనే చెబుతాడు.

అసలు సమస్య కమీషన్. క్లబ్బుల్లో ప్రతి పందెం కుప్పలోంచి నిర్వాహకులు కొంత కోసుకుంటారు. చిన్న బల్లల మీద ఆ కోత ఆటగాడికి ఎక్కువ బరువు. బాగా ఆడేవాడు కూడా తెల్లారేసరికి చేతులు దులుపుకుని లేచేది అందుకే. చెనిక్కాయ బల్ల దగ్గర కమీషన్ అందరూ తీసుకుంటారు, నోటితో. ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టి పెద్దమనుషులే తమ పెట్టుబడి నమిలేస్తారు.

బల్ల సంగతికి వస్తే, ఇద్దరి ఆట వద్దు. 2015లో కెనడాలోని అల్బెర్టా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇద్దరాడే లిమిట్ హోల్డెమ్‌ను కంప్యూటర్‌తో దాదాపు పూర్తిగా తేల్చేశామని ప్రకటించారు. మనిషి జీవితమంతా కూర్చుని ఆడినా ఆ యంత్రం ఆటలో లోపం పట్టలేడట. తేలిపోయిన దాని కోసం మనం చాప వేయడం దండగ.

ఆరుగురి బల్ల కొత్తవాడికి చేటు. ముక్కలు చూడకముందే తప్పనిసరిగా కట్టాల్సిన బ్లైండ్లు రెండుంటాయి: ఒకటి చిన్న పందెమంత, ఇంకొకటి దాంట్లో సగం. వంతు తిరిగే కొద్దీ ప్రతివాడూ రెండూ కట్టాలి. ఆరుగురైతే ఆరు పంపకాలకే మళ్ళీ మీ వంతు వచ్చేస్తుంది, ఊరికే కూర్చుంటే కరిగిపోతారు. అందుకని ఓ మోస్తరు ముక్కలతో కూడా దిగాలి. అది తెలిసినవాళ్ళ పని. తొమ్మిది, పది మంది బల్ల దగ్గర వంతు ఆలస్యంగా వస్తుంది, మంచి ముక్కల కోసం ఓపిక పట్టొచ్చు. మొదటి రెండు ముక్కలు జతగా పడేది సగటున 17 పంపకాలకు ఒకసారి, ఆసుల జతయితే 221కి ఒకసారి. కాబట్టి అయిదారు పంపకాల్లో ఒక్కదాంట్లో దిగి, మిగతావి పడేసి, నోరు మూసుకుని ఎదుటివాళ్ళను గమనించాలి.

నోరు మూసుకుని అన్నచోట ఈ పథకం మొత్తం కుప్పకూలుతోంది. ముక్కలు పడేసినవాడు మన దగ్గర ఖాళీగా ఉండడు, పక్కవాడి ముక్కల్లోకి తొంగి చూసి "పెంచు బావా, నేనున్నా" అంటాడు. వాడికి తోడు చూసేవాళ్ళు. ఆరుగురు ఆడితే పన్నెండు మంది చుట్టూ నిలబడటం ఇక్కడి ఆచారం. అందుకని అనంతపురంలో ఆరుగురి బల్ల అనేది కాగితం మీద తప్ప ఎక్కడా లేదు. నా ప్రతిపాదన ప్రకారం చూసేవాళ్ళను కూడా బల్లలో లెక్కించి, సలహాకు ఒక గింజ చొప్పున వసూలు చేయాలి. "నేనైతే అప్పుడే పడేసేవాణ్ణి" అని ఆట అయిపోయాక అన్నవాడికి కాయ.

పథకం ప్రయోగాత్మకంగా ఒక మిద్దె మీద మొదలైంది. బ్యాంకు కిలోన్నర. ఉదయం లెక్క చూసుకోబోతే, ఆ ఇంటి వదినమ్మ దాన్ని వలిచి, వేయించి, ఎండు మిరపకాయలతో రోట్లో వేసి ఊరిమిండి నూరేసింది. ఇకమీదట బ్యాంకును ఇంట్లో ఉంచకూడదని ఒక సభ్యుడు తీర్మానం పెట్టాడు. బలపరచడానికి ఎవరూ చేయి ఎత్తలేదు, ఎందుకంటే అందరి చేతుల్లోనూ ఉగ్గాని పళ్ళేలున్నాయి. తీర్మానం పెట్టినవాడికి మాత్రం బజ్జీ వేయలేదు.