గోదాములో మిగిలిపోయిన పిల్లలు

పేదరికాన్ని గెలిచి పైకొచ్చినవారి కథలంటే ప్రవాస తెలుగువారికి ఉన్న మక్కువ ఇంతా అంతా కాదు. ఏ సంఘం ప్రత్యేక సంచిక తెరిచినా, చెప్పులు లేని కాళ్లతో మైళ్ల కొద్దీ నడిచి బడికి వెళ్లి, సంక్షేమ హాస్టల్లో నీళ్ల చారు తాగి, ఈనాడు ఏ డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన ఒక పెద్దమనిషి పరిచయం అందులో తప్పక ఉంటుంది. అవి అబద్ధాలని నేను అనను. చాలావరకు నిజాలే, పైగా ఆ కష్టం పడినవారికే దాని విలువ తెలుస్తుంది. నా అభ్యంతరమల్లా, ఆ కథల్లో పైకొచ్చినవాడు తప్ప మరో పిల్లవాడు కనిపించకపోవడం గురించే. అతని పక్కన అదే చాప మీద పడుకున్న కుర్రవాడు ఏమయ్యాడో ఏ సంచికా రాయదు.

ఈ తరహా కథకు పెద్దదిక్కు అనదగిన నవల చార్లెస్ డికెన్స్ రాసిన ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’. 1849 మే నుంచి 1850 నవంబరు దాకా నెలనెలా భాగాలుగా వెలువడిన ఈ నవలను మనలో కొందరు హైస్కూల్లో నాన్‌డిటైల్డ్ పుస్తకంగా, ఎముకలు మాత్రమే మిగిల్చిన సంక్షిప్త రూపంలో చదివాం. తండ్రి పోయాక పుట్టిన బిడ్డ, క్రూరుడైన మారుతండ్రి, తల్లి మరణం, పదేళ్ల వయసులో గోదాములో కూలి, అక్కడినుంచి పారిపోయి మేనత్త వంటి పెద్దావిడ ఇల్లు చేరడం, చదువు, చివరకు రచయితగా పేరు. (బెట్సీ ట్రాట్‌వుడ్ నిజానికి డేవిడ్ తండ్రికి మేనత్త, కాని నవల పొడుగునా అతను ఆమెను అత్త అనే పిలుస్తాడు.) పరీక్షకు అంత సారాంశం సరిపోయింది. పూర్తి నవలను నడివయసులో చదివినప్పుడు మాత్రం, కథానాయకుడి కంటే అతను వదిలివెళ్లిన మనుషులే ఎక్కువగా పట్టుకుంటారు.

ఆ గోదాము అధ్యాయాన్ని కాస్త నింపాదిగా చూడాలి. లండన్‌లో బ్లాక్‌ఫ్రయర్స్ దగ్గర, నది ఒడ్డున, ఎలుకలు తిరిగే పాత కొంపలో మర్డ్‌స్టన్ అండ్ గ్రిన్‌బీ వారి సారా వ్యాపారం. ఖాళీ సీసాలు కడగడం, పగిలినవి ఏరేయడం, నిండిన సీసాలకు లేబుళ్లు అంటించడం అక్కడి కుర్రవాళ్ల పని. వారానికి ఆరేడు షిల్లింగుల కూలి. డేవిడ్ పక్కన పనిచేసే మిక్ వాకర్ అనే కుర్రవాడు చిరిగిన గుడ్డ నడుముకు కట్టుకుని, నెత్తిన కాగితపు టోపీ పెట్టుకుని ఉంటాడు; అతని తండ్రి పడవవాడు. ఇంకొకడికి పాలిపోయిన ముఖాన్ని బట్టి ‘మీలీ పొటేటోస్’ (పిండిలాంటి బంగాళాదుంపలు) అన్న పేరు పెట్టారు, అసలు పేరేమిటో నవల చెప్పదు. వాళ్లను చూసిన మొదటి రోజున డేవిడ్‌కు కలిగిన దుఃఖం దేనికంటే, తాను అలాంటివాళ్ల సహవాసంలోకి దిగజారిపోయాననీ, చదువుకుని పేరు తెచ్చుకుంటానన్న ఆశ అణగారిపోయిందనీ. ఆ ఏడుపు నిజాయితీ గలదే, అందుకే చదివినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది. కాని అదే పని, అదే చలి, అదే కూలి మిక్ వాకర్‌కు కూడా ఉన్నాయి. డేవిడ్ ఆ చోటు వదిలి, అత్త ఉండే డోవర్ ఊరి దారి పట్టాక ఆ ఇద్దరు పిల్లల సంగతి నవలకు పట్టదు. ఎనిమిది వందల పేజీల పుస్తకంలో వాళ్లకు ఒక వీడ్కోలు వాక్యానికి మించి చోటు లేదు.

ఈ అధ్యాయం డికెన్స్ సొంత గాయం నుంచి వచ్చిందన్న సంగతి ఆయన బతికి ఉండగా లోకానికి తెలియదు. 1824లో, పన్నెండేళ్ల వయసులో, ఆయనను స్ట్రాండ్ సమీపంలోని హంగర్‌ఫర్డ్ స్టెయిర్స్ వద్ద వారెన్స్ అనే బూటు పాలిష్ గోదాములో పనికి పెట్టారు. తండ్రి జాన్ డికెన్స్ అప్పులు తీర్చలేక మార్షల్సీ జైలు పాలయ్యాడు. పాలిష్ డబ్బాల మీద ముందు నూనె కాగితం, దాని మీద నీలి కాగితం కప్పి, దారంతో కట్టి, అంచులు గుండ్రంగా కత్తిరించి, లేబుల్ అంటించాలి. ఆ కూలితో వారమంతా గడపడానికి ఆ పిల్లవాడు డబ్బును ఆరు చిన్న పొట్లాలుగా కట్టి, ఒక్కో పొట్లం మీద ఒక్కో రోజు పేరు రాసుకునేవాడట. తండ్రి విడుదలయ్యాక కొడుకును పని మాన్పించినా, తల్లి మాత్రం తిరిగి పంపుదామనే పట్టుబట్టింది. ఆ మాటను తాను ఎన్నటికీ మరచిపోలేనని డికెన్స్ రాసుకున్నారు. ఈ సంగతులన్నీ రాసిన కొన్ని పేజీలను మిత్రుడు జాన్ ఫార్‌స్టర్ చేతికిచ్చారు. 1870లో ఆయన మరణించిన తర్వాత ఫార్‌స్టర్ రాసిన జీవిత చరిత్రలోనే అవి బయటపడ్డాయి.

ఆ పేజీల్లో నన్ను నిలువరించిన మనిషి బాబ్ ఫేగిన్. పాలిష్ డబ్బాకు దారం ముడి ఎలా వేయాలో కొత్త కుర్రవాడికి నేర్పినవాడు అతనే. తల్లీ తండ్రీ లేని అతను బావగారి పంచన ఉండేవాడు. ఒకరోజు చిన్న డికెన్స్‌కు పక్కలో నొప్పి మెలిపెట్టేసరికి, బాబ్ గడ్డితో పడక వేసి, ఖాళీ పాలిష్ సీసాల్లో వేడినీళ్లు నింపి, చల్లారినదాన్ని తీసి వేడిది పెడుతూ, పూటంతా కాపడం పెట్టాడు. సాయంత్రం ఒంటరిగా పంపడానికి మనసొప్పక ఇంటిదాకా తోడు బయలుదేరాడు. ఇల్లంటే జైలని చెప్పుకోవడానికి సిగ్గుపడిన డికెన్స్, సదక్ వంతెన దాటాక ఎవరిదో ఇంటి మెట్ల దగ్గర ఆగి, ఇదే మా ఇల్లు అని కరచాలనం చేసి పంపేశాడు. బాబ్ వెనక్కి తిరిగి చూస్తాడేమోనని తలుపు కూడా తట్టి, తెరిచిన ఆవిడను ‘రాబర్ట్ ఫేగిన్ గారి ఇల్లు ఇదేనా’ అని అడిగాడు.

పదమూడేళ్ల తర్వాత, 1837లో, ‘ఆలివర్ ట్విస్ట్’ రాయడం మొదలుపెట్టినప్పుడు, అనాథ పిల్లలకు జేబులు కొట్టడం నేర్పే ముసలి దొంగకు డికెన్స్ పెట్టిన పేరు ఫేగిన్. ఆ పేరు ఎక్కడినుంచి తెచ్చుకున్నదీ ఆయనే ఒప్పుకున్నారు. వేడినీళ్ల సీసాలు పెట్టిన చేతికి దక్కిన ప్రతిఫలం అది! పండితులు దీనికి రకరకాల వ్యాఖ్యానాలు చెప్పారు, అవి అటుంచుదాం. నాకు అర్థమైనంతవరకు, కింద ఉన్నవాడి దయ కూడా పైకి వెళ్లదలచినవాడికి ప్రమాదంగానే కనిపిస్తుంది: ఆ దయకు అలవాటుపడితే అక్కడే ఉండిపోతామేమోనన్న భయం. మన ఊళ్ల నుంచి వచ్చినవారిలో, చిన్ననాటి స్నేహితుడి ఫోనుకు జవాబివ్వడానికి వెనకాడేవారు ఈ భయాన్ని వెంటనే గుర్తుపడతారు.

ఇక మళ్లీ ‘డేవిడ్ కాపర్‌ఫీల్డ్’కు వస్తే, అందులో లాయరు దగ్గర గుమాస్తాగా ఉండే యూరియా హీప్ సంగతి. వంకర నవ్వు, చెమట చేతులు, ‘నేను అణకువ గలవాణ్ణండీ’ అనే జపం, ఇవన్నీ కలిసి అతన్ని ఆంగ్ల సాహిత్యంలో చిరస్మరణీయమైన ప్రతినాయకుడిగా నిలబెట్టాయి. నిజమే, అతను దొంగ సంతకాలు చేస్తాడు, నమ్మిన యజమానిని మోసగిస్తాడు. కాని అతని చరిత్ర చూడండి: తండ్రి చర్చిలో సమాధి గోతులు తవ్వే ఉద్యోగి, తండ్రీ కొడుకులిద్దరూ ధర్మబడిలో చదివినవారు. ఎవరు ఎదురైనా టోపీ తీయాలి, వంగి దండం పెట్టాలి, తమ స్థానం ఏమిటో గుర్తుంచుకోవాలి అని తప్ప ఆ బడి వారికి మరేమీ నేర్పలేదని అతనే డేవిడ్‌తో అంటాడు. రాత్రి పొద్దుపోయేదాకా ఆఫీసులో కూర్చుని లావుపాటి న్యాయశాస్త్ర గ్రంథాన్ని వేలితో గీసుకుంటూ చదువుతాడు. లాటిన్ నేర్పుతానని డేవిడ్ ముందుకొస్తే, నాలాంటివాడు చదువు మీద ఆశపడితే తొక్కేవాళ్లు చాలామంది ఉన్నారని వద్దంటాడు. పేరు దాచి ఈ నాలుగు వాక్యాలే మన సంచికకు పంపితే, ముఖచిత్రంతో సహా అచ్చువేస్తాం. డేవిడ్‌ను పైకి తెచ్చింది మాత్రం రాత్రి చదువు కాదు, డోవర్‌లో సొంత ఇల్లున్న ఒక బంధువు. ఆమె దగ్గరకు చేరడానికి అతను నడిచిన దూరాన్ని నేను తక్కువ చేయను. దారిలో కోటు, చొక్కా మీది వెయిస్ట్‌కోటు అమ్ముకుని నడిచాడు. కాని మిక్ వాకర్ అంతే దూరం నడిచి ఉంటే, అవతలి కొసన తలుపు తీసేవారెవరు?

డికెన్స్ తన పేజీల్లో అడిగిన ప్రశ్న ఒకటుంది: ఇంత తెలివి, ఇంత చురుకుదనం గల పిల్లవాణ్ణి అలా పారేస్తుంటే ఒక్కరికీ జాలి కలగలేదేమని. ఈ ప్రశ్నలోని బాధను గౌరవిస్తూనే దాని తర్కాన్ని నేను ఒప్పుకోలేను. తెలివైనవాణ్ణి గోదాములో వేయడం అన్యాయమైతే, తెలివి తక్కువవాణ్ణి వేయడం న్యాయమవుతుందా? ఇంగ్లండులో పిల్లలందరికీ ప్రాథమిక విద్య అందించడానికి తొలి చట్టం సరిగ్గా ఆయన పోయిన 1870లోనే వచ్చింది. ఆ చట్టం ఏ పిల్లవాడి తెలివినీ కొలవలేదు.

మన ఉపకార వేతనాల ప్రకటనలు చూడండి. ‘ప్రతిభావంతులైన పేద విద్యార్థులకు’ అని మొదలవుతాయి. పదో తరగతిలో, ఇంటర్‌లో ఇన్ని మార్కులు, ప్రవేశ పరీక్షలో ఇంతలోపు ర్యాంకు అని షరతులు. దాతలు డికెన్స్ ప్రశ్ననే వేస్తున్నారన్నమాట: ఈ డేవిడ్ ఎక్కడున్నాడో వెతికి పట్టుకుందాం అని. అలా దొరికినవాడికి సాయం అక్కర్లేదని కాదు. అయితే తాగే తండ్రి, మంచాన పడ్డ తల్లి ఉన్న ఇంట్లో, పత్తి చేల పనికి పోతూ బడికి నాగాలు పెట్టి పదో తరగతి తప్పిన పిల్లకు మన ఫారంలో ఒక్క గడి లేదు. బాల్యంలో నిర్లక్ష్యానికి గురైన పిల్లల్లో ఎక్కువమంది ర్యాంకులు తెచ్చుకోరు. ర్యాంకు రాకపోవడం ఆ నిర్లక్ష్యం చేసిన పనే. దాన్నే అనర్హతగా లెక్కగట్టడం ఏ రకమైన దానం?

ఇందుకు భిన్నమైన దారి మన నేల మీదే ఉంది. 1981లో ఏర్పడిన మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో రంగారెడ్డి జిల్లా ఊళ్లలో పనిచేస్తూ, బడిలో లేని ప్రతి బిడ్డనూ బాల కార్మికుల కిందే లెక్కించింది. పశువులు కాసే పిల్లవాడైనా, చంటిబిడ్డను చూసుకుంటూ ఇంట్లో ఉన్న ఆడపిల్లయినా ఒకటే. అలాంటి పిల్లలను శిబిరాలకు తెచ్చి, కొన్ని నెలలపాటు బ్రిడ్జి కోర్సు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించారు. ఎవరు తెలివైనవారో తేల్చే పరీక్ష ముందుగా పెట్టలేదు. ఈ కృషికి శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు విద్య హక్కుగా ఇచ్చే చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి రావడానికి ముందే ఇది జరిగింది.

మనం ఉంటున్న దేశంలోనూ ఈ కథ కొనసాగుతోంది. బార్బరా కింగ్‌సాల్వర్ 2022లో డికెన్స్ నవలను వర్జీనియా నైరుతి మూలనున్న లీ కౌంటీకి తెచ్చి ‘డీమన్ కాపర్‌హెడ్’ రాశారు, మరుసటి ఏడాది పులిట్జర్ పొందారు. గోదాము స్థానంలో పొగాకు తోట, మారుతండ్రితో పాటు వ్యసనంగా మారే ఆక్సీకాంటిన్ నొప్పి మాత్రలు, ప్రభుత్వం నెలనెలా ఇచ్చే సొమ్ము కోసం పిల్లలను పెంపకానికి తెచ్చుకునే ఇళ్లు. ఆ కొండ ఊళ్ల ఆసుపత్రుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన భారతీయ వైద్యుల్లో మన తెలుగువారూ ఉన్నారు. మత్తుమందులు అక్కడి కుటుంబాలను ఏం చేశాయో ఏ నవలాకారిణీ వారికి చెప్పనక్కర్లేదు. ఆమె కూడా యూరియా హీప్‌కు దీటైన పాత్రను దుర్మార్గుడిగానే ఉంచేయడం నాకు కొంత నిరాశ కలిగించింది. ఆ మాట ఎలా ఉన్నా, నవల రాబడితో లీ కౌంటీలోనే వ్యసనం నుంచి కోలుకుంటున్న మహిళల కోసం ఒక వసతి గృహం పెట్టించారు. అందులో చేరడానికి ఏ మార్కుల జాబితా చూపించాలి?

డికెన్స్ తన నవల చివర, గోదాము రోజుల్లో డేవిడ్ అద్దెకున్న ఇంటివారైన మికాబర్ కుటుంబాన్ని ఓడెక్కించి ఆస్ట్రేలియా పంపుతారు. అప్పుల్లో మునిగిన ఆ మనిషి అక్కడ మేజిస్ట్రేటు అవుతాడు, ఆయన గౌరవార్థం జరిగిన విందు గురించి స్థానిక పత్రికలో పొగడ్తలతో నిండిన వార్త వస్తుంది. చదువుతుంటే మన సన్మాన సభలు గుర్తొచ్చి నవ్వాగలేదు. వలస వెళ్లడం చాలామందిని గట్టెక్కిస్తుంది, మనల్నీ గట్టెక్కించింది. కాని మికాబర్ల ఇంట్లో పనిచేసిన, వర్క్‌హౌస్ (నిరుపేదలను ఉంచే ఆశ్రమం) నుంచి వచ్చిన క్లికెట్ అనే పిల్ల ఆ ఓడ ఎక్కలేదు. వాళ్ల సంసారం లండన్ విడిచినప్పుడే ఆమె తిరిగి వర్క్‌హౌస్‌కు వెళ్లిపోయి ఉంటుందని డేవిడ్ అనుకుంటాడు.

సంఘం కార్యవర్గానికి నా సూచన క్లిష్టమైనదేమీ కాదు. ఉపకార వేతనాల నిధిలో సగాన్ని మార్కుల షరతు లేకుండా కేటాయించండి. పదో తరగతి తప్పి సప్లిమెంటరీ రాయాల్సిన పిల్లలకు ఫీజు, అంతవరకు ట్యూషను, పరీక్ష కేంద్రానికి బస్సు ఖర్చు ఇవ్వండి. మానేసినవారిని తిరిగి బడిలో చేర్చే శిబిరాలకు వార్డెన్ జీతం భరించండి. ఎవరికి ఇవ్వాలో తేల్చే పనిని ఊరి ప్రధానోపాధ్యాయుడికీ అంగన్‌వాడీ టీచరుకీ అప్పగిస్తే, డల్లాస్‌లో కూర్చుని మార్కుల పట్టికలు తిరగేసే కమిటీ కంటే మెరుగ్గా తేలుస్తారు. అందులో కొంత డబ్బు వృథా కావచ్చు, కొందరు పిల్లలు మళ్లీ తప్పవచ్చు, వచ్చే ఏడాది సంచికలో వేయడానికి మనకు ఒక్క ఫొటో కూడా దొరక్కపోవచ్చు. అయినా ఆ సొమ్ము వెళ్లాల్సిన చోటికే వెళ్లినట్టని నేను అనుకుంటాను.